ఎవరి వరుసలో నిలబడ్డాను

జనవరి 3, మంగళవారం

తిరిగొచ్చాను. హాస్టల్లో ఇంకా ఎవరూ లేరు. క్లాసులకి రెండు వారాల టైముంది కానీ వార్సిటీ వాళ్ళం, అంటే కాలేజీ ఐస్ హాకీ అసలు జట్టు వాళ్ళం, కాబట్టి ముందే రావాలి. "వార్సిటీ వాళ్ళం" అని రాసుకుంటే నాకింకా బాగానే ఉంటుంది. ఇది చదివేవాడు ఎవడూ లేడు కాబట్టి మిగతాది కూడా రాసుకోవచ్చు. అక్టోబర్ నుంచి ఒక్క మ్యాచ్‌లోనూ ఐస్ మీద కాలు పెట్టలేదు. జాబితాలో పేరుంది. లాకరుంది. లాకరు మీద కంగాస్ అని నా ఇంటిపేరుతో ఇత్తడి పలక ఉంది. మ్యాచ్ రోజున మాత్రం సూటూ టైయ్యీ వేసుకుని పై వరుసలో కూర్చుని పాప్‌కార్న్ నమలడమే పని. ఆటలో అరటిపండుని.

ఇవాళ సాధన అయ్యాక కోచ్ బ్రాడిగన్ చెప్పారు, శనివారం మన కాలేజీ క్లబ్ జట్టుతోనే, అంటే వార్సిటీలో చోటు దొరకనివాళ్ళు సొంతంగా నడుపుకునే జట్టుతో, తలుపులు మూసుకుని ఒక మ్యాచ్ అని. "పండక్కి తిన్నదంతా కరగాలి" అన్నారు. క్లబ్ వాళ్ళలో సగంమంది ఇంకా ఊళ్ళ నుంచి రాలేదు, అందుకని మాలో ముగ్గుర్ని వాళ్ళకి అరువిస్తారట. తల ఎత్తకుండానే మూడు పేర్లు చదివారు. మొదటిది నాదే. ఎవడూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

జనవరి 4

భోజనశాలలో ఒక్క వంటగదే తెరిచారు, అందుకని అందరం ఒకే బల్ల దగ్గర. కర్ట్ నీమి ముందే వచ్చి కూర్చున్నాడు. వాడిదీ నాదీ సుపీరియర్ సరస్సు అవతల ఒకే ఊరు, ఒకే వీధి. మొదటి ఏడాది ఇద్దరం కలిసే వార్సిటీ ఎంపికకి వెళ్ళాం. ఆఖరి రోజు తలుపుకి కాగితం అంటించారు. నా పేరుంది, వాడిది లేదు. వాడు ఆ సాయంత్రమే క్లబ్‌లో చేరాడు. ఇప్పుడు క్లబ్ కెప్టెనూ వాడే, బస్సు మాట్లాడేదీ వాడే, జెర్సీలు ఉతికించేదీ వాడే.

మా వార్సిటీ గోలీ, అంటే గోల్‌కీపర్, లండీన్‌తో వాదన పెట్టుకున్నాడు. ఏటా ఉండే వాదనే.

"దేశంలో మంచి క్లబ్ జట్లు పది తీసుకో. మీ లీగులో అడుగునున్న వార్సిటీల్ని కరకరా నమిలేస్తాయి" అన్నాడు కర్ట్.

"నమలడానికి పళ్ళుండాలి కదరా" అని లండీన్ ముందరి కట్టుడు పన్ను ఊడదీసి బల్ల మీద పెట్టాడు. "స్కూలయ్యాక రెండేళ్ళు జూనియర్ లీగుల్లో తిరిగి, ఇదిగో, ఇది రాలగొట్టించుకుని వచ్చాను ఇక్కడికి. మీరేమో అమ్మ కట్టిచ్చిన డబ్బాతో తిన్నగా వచ్చేశారు."

"పన్ను తియ్యరా బాబూ, జనం తింటున్నారు ఇక్కడ." ఈ మాట అన్నది టీగ్. క్లబ్ గోలీ. ఈ వంటగదిలోనే పనిచేస్తాడు. ఏప్రనుతోనే సూప్ గిన్నె తెచ్చి మా మధ్యలో పెట్టాడు. "రెండేళ్ళు పెద్దాళ్ళు, ఒప్పుకున్నాం. కాళ్ళకి దణ్ణం పెట్టమంటావా?"

అప్పుడే కోచ్ పళ్ళెం పట్టుకుని వచ్చారు. కర్ట్ లేచి నిలబడి పాత పాటే ఎత్తుకున్నాడు. మంగళ, గురువారాల్లో సాయంత్రం ఏడింటికి ఐస్ రింక్ మా వార్సిటీ పేరు మీద ఉంది. మేం దాన్ని ఎప్పుడోగాని వాడం. క్లబ్ వాళ్ళకి మాత్రం తెల్లవారుజామున అయిదింటికి ఇస్తారు.

"ఎన్నిసార్లు అడుగుతావోయ్" అన్నారు కోచ్. తర్వాత ఏమనుకున్నారో, నవ్వారు. "సరే. శనివారం మమ్మల్ని ఓడించండి. పోనీ సమంగా ఆపండి చాలు. ఆ రెండు సాయంత్రాలూ సీజను చివరిదాకా మీవే. ఓడారా, మళ్ళీ ఈ మాట నా దగ్గర ఎత్తకూడదు."

నవ్వుతూ అన్నా, ఆయన మాటంటే మాటే. అందరికీ తెలుసు.

టీగ్ గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కోచ్ వెళ్ళాక కర్ట్‌తో అన్నాడు: "నాకు ఈసారి మధ్యాహ్నాలన్నీ ల్యాబులు. వంటగదిలో తెల్లవారుజాము పనే మిగిలింది. అయిదింటికి ఇక్కడుండాలి. ఆ సాయంత్రాలు రాకపోతే నేను ఆపేస్తానురా. వేరే దారి లేదు."

"వస్తాయి" అన్నాడు కర్ట్. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు. "కంగీ మనతో ఆడుతున్నాడుగా."

నేను సూప్ తాగుతున్నాను. తల ఊపాను.

జనవరి 5

క్లబ్ వాళ్ళతో తెల్లవారకుండానే సాధన. కళ్ళు మూసుకునే స్కేట్ల తాళ్ళు కట్టుకున్నాను. ఎవడిదో సబ్బు వాసన కొట్టే ఆకుపచ్చ జెర్సీ ఇచ్చారు.

తేడా ఏమిటో ఈ ఒక్క గంటలో తెలిసింది, రాసి పెట్టుకోవాలి. కాళ్ళ వేగం అనుకుంటారు అందరూ. కాదు. వార్సిటీలో పాస్ నువ్వు వెళ్ళబోయే చోటికి వస్తుంది. క్లబ్‌లో నువ్వు ఇందాక ఉన్న చోటికి వస్తుంది. వెనక్కి చెయ్యి చాపి పక్, అదే ఆ నల్ల రబ్బరు బిళ్ళ, అందుకునేలోపు ఎదుటివాడు నీ మీద ఉంటాడు. మా దగ్గర అయిదుగురికీ ఒకే ఆలోచన వస్తుంది. వీళ్ళకి అయిదుగురికీ అయిదు. కొందరు బాగా ఆడతారు, కొందరు మంచివాళ్ళు, అంతే.

ఇద్దరు తప్ప. కర్ట్ పాస్‌లు ఎప్పట్లాగే కొలిచినట్టు వస్తాయి. టీగ్ అయితే మా లండీన్‌కి తీసిపోడు. ఒకటి రెండు విషయాల్లో మెరుగు. ఇది బయట అనను.

ఇంకో సంగతి. గంటసేపూ ఐస్ మీదే ఉన్నాను. ఎవడూ నన్ను బెంచీకి పిలవలేదు. నవ్వాను కూడా, గట్టిగా, ఎందుకో గుర్తులేదు. బయటికొచ్చాక ఆ సంతోషం నాకే చిన్నతనంగా అనిపించింది. వార్సిటీ కుర్రాణ్ణి, క్లబ్ సాధనలో ఇంత సంబరపడటమేమిటి అని.

జనవరి 7

మూడు–రెండు. ఓడిపోయాం.

గెలిచాం అని రాయాలేమో.

పక్ నిలువుగా దొర్లుతూ వచ్చింది.

జనవరి 8

నిన్నటిది సరిగ్గా రాయాలి.

టీగ్ లేకపోతే మొదటి భాగంలోనే పది గోల్స్ అయ్యేవి. మా వాళ్ళు, అంటే వార్సిటీ వాళ్ళు, మొదట్లో నవ్వుతూ ఆడారు. రెండో భాగం సగానికి నవ్వులు ఆగిపోయాయి. కర్ట్ ఒకటి వేశాడు, ఆ తర్వాత కర్ట్ పాస్ మీద ఇంకొకడు వేశాడు. మూడు–రెండు. బెంచీ మీద కోచ్ చేతులు కట్టుకున్నారు. ఆయన చేతులు కట్టుకున్నారంటే లెక్కలు వేస్తున్నారన్నమాట. క్లబ్ బెంచీ మీద కుర్రాళ్ళు స్టిక్కులతో గోడ బాదుతున్నారు. సమం అయితే చాలు కదా.

చివర్లో కర్ట్ గోల్ వెనక నుంచి పక్ లాక్కొచ్చాడు. లండీన్ వాడి వైపు పడిపోయాడు. ఇవతల సగం గోల్ ఖాళీ. నేను అక్కడే ఉన్నాను. కర్ట్ నాకు ఇచ్చాడు. పక్ దొర్లుతూ వచ్చింది, నాణెం అంచు మీద దొర్లినట్టు. అలాంటిది తిన్నగా కొట్టడం ఎవడి తరమూ కాదు. గోల్ స్తంభానికి బెత్తెడు బయటినుంచి పోయింది. హారన్ మోగింది.

ఐస్ కూడా బాగాలేదు. ఉదయం నుంచి మెత్తగా ఉంది.

తర్వాత జరిగింది మాత్రం ఎందుకు జరిగిందో నాకు తెలియదు. మ్యాచ్ అయ్యాక రెండు జట్లూ ఎదురెదురుగా వరుసకట్టి చేతులు కలుపుతాం కదా. నేను వార్సిటీ వరుసలో చివర నిలబడ్డాను. కావాలని కాదు. మూడేళ్ళుగా సాధన మ్యాచ్‌ల తర్వాత నిలబడే చోటు అది, కాళ్ళు అటే వెళ్ళాయి. అరువిచ్చిన మిగతా ఇద్దరూ ఆకుపచ్చ వరుసలోనే ఉన్నారు. నల్ల జెర్సీల చివర ఆకుపచ్చ జెర్సీ నాదొక్కటే. అప్పటిదాకా నా పక్కన ఆడినవాళ్ళు ఒక్కొక్కరే ఎదురొచ్చి నాతో చేతులు కలుపుతూ పోతున్నారు. సగం అయ్యాక తెలిసింది. తెలిశాక కదిలితే ఇంకా అసహ్యంగా ఉంటుందని అలాగే నిలబడ్డాను.

కర్ట్ వచ్చి "బాగా ఆడావురా" అన్నాడు.

టీగ్ ఆఖర్న వచ్చాడు. చెయ్యి ఇవ్వలేదు. మాస్క్ పైకెత్తి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"నీ ఒంటి మీద ఏ రంగుందో చూసుకున్నావా?" అన్నాడు.

లాకర్ గదిలో ఎవడో "పాపం కంగీ, ఇంటిదారి మర్చిపోలేదు" అన్నాడు. మా వాళ్ళంతా పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. కర్ట్ జెర్సీలు తీసుకెళ్ళడానికి వచ్చి గుమ్మంలో నిలబడి విన్నాడు. "పక్ దొర్లుతూ వెళ్ళిందిరా వాడికి, ఐస్ చెత్తగా ఉంది" అన్నాడు, అందరికీ వినబడేలా. వాడు అలా అంటాడని నేను అనుకోలేదు. నేను చెప్పాల్సిన మాట వాడు చెప్పాడు. నా చేతిలోంచి జెర్సీ తీసుకుని సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

జనవరి 9

మా జట్టులో రోజూ దిగే షెవ్‌లిన్‌కి చీలమండ బెణికింది. కోచ్ గదికి పిలిచారు.

"శుక్రవారం నువ్వు దిగుతున్నావు" అన్నారు. "శనివారం వెనక్కి పరిగెత్తి అడ్డుకోవడం బాగా చేశావు. అదే చెయ్యి."

అంతే. ఇంకేం అనలేదు. ఆ ఆఖరి షాట్ మాట ఎత్తలేదు. ఎత్తకముందే గదిలోంచి బయటపడ్డాను.

నాన్నకి ఫోను చేశాను. ముందు నమ్మలేదు. తర్వాత అవతల గదిలోకి కేకేశారు: "ఏమేవ్, వాడు ఆడుతున్నాడటే! సూటు కాదు, ఆట!" శుక్రవారం మంచు తొలగించే బండి డ్యూటీ ఇంకొకడికి అప్పజెప్పి వస్తానన్నారు. ఆ బండి డ్యూటీ ఆయన పెళ్ళిళ్ళకి కూడా వదల్లేదు.

నేను ఈ రోజు కోసం మూడేళ్ళు ఎదురుచూశాను. సంతోషంగా ఉంది. సంతోషంగా ఉంది.

జనవరి 10

పక్ దొర్లుతూనే వచ్చింది. కర్ట్ కూడా అన్నాడు కదా.

జనవరి 13

నాలుగుసార్లు వంతు వచ్చింది. నాలుగు సార్లూ తప్పు చెయ్యలేదు. గెలిచాం. నిజంగా "గెలిచాం" అనే రాస్తున్నాను ఈసారి.

దాని గురించి ఇంకా రాయాలని కూర్చున్నాను. రాబుద్ధి కావడం లేదు.

నాన్న పేస్టీలు తెచ్చారు, మాంసం, బంగాళాదుంప, ముల్లంగి పెట్టి అమ్మ కాల్చినవి, తువ్వాల్లో చుట్టి. ఆయన చోటు వెతుక్కునేలోపే కర్ట్ చూసి తమ దగ్గరికి లాక్కెళ్ళి కూర్చోబెట్టుకున్నాడట. క్లబ్ కుర్రాళ్ళు మా మ్యాచ్‌లన్నిటికీ వస్తారు, డ్రమ్ తెస్తారు. నేను బెంచీ దూకి ఐస్ మీదకి దిగగానే ఆ మూల నుంచి "కంగీ! కంగీ!" అని డ్రమ్ మీద కొట్టారు. ఆ ఆకుపచ్చ జెర్సీల మధ్య నాన్న లేచి నిలబడి టోపీ ఊపుతున్నారు. టీగ్ అక్కడ లేడు. వెతికాను. ఉండకూడదనే వెతికాను.

అయ్యాక కారు దగ్గర నాన్న అన్నారు: "నీమి వాళ్ళబ్బాయి చెప్పాడురా. అక్కరకి వాళ్ళ తరఫున ఆడి ప్రాణం పెట్టావట. వార్సిటీలో ఉన్నా తల ఎగరెయ్యకుండా కిందివాళ్ళతో కలిసి ఆడటం, అదీ మనిషితనం. నాకు ఈ మ్యాచ్ కంటే ఆ మాటే బాగుంది."

"వాళ్ళు కిందివాళ్ళేం కాదు నాన్నా" అన్నాను.

"అదే, నువ్వలాంటి వాడివి కాబట్టే అలా అంటున్నావు" అని వీపు తట్టారు.

తల కొట్టేసినట్టయింది. పేస్టీ ఇచ్చారు. తిన్నాను. రుచి తెలియలేదు.

జనవరి 17

క్లాసులు మొదలయ్యాయి. ఇవాళ క్లబ్ వాళ్ళకి ఈ సెమిస్టరులో మొదటి సాధన. బరువుల గదికి వెళ్తూ రింక్ పక్కనుంచి నడిచాను. కిటికీలోంచి చూశాను. గోల్‌లో ఎవడూ లేడు. గోల్‌కి అడ్డంగా ఒక ప్లైవుడ్ చెక్క ఆనించి దాని మీదకి కొట్టుకుంటున్నారు. కర్ట్ ఒక్కడే గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

టీగ్ మానేశాడు. అన్నట్టే.

ఇక రాయకుండా ఉండలేను. ఈ పుస్తకం నా ఒక్కడి కోసం. ఇక్కడ కూడా బుకాయిస్తే నాకంటూ ఏం మిగులుతుంది?

పక్ దొర్లలేదు. ఐస్ మీద బల్లపరుపుగా, నా స్టిక్ మధ్యకి వచ్చి ఆగింది. ఐస్ బాగానే ఉంది. నాకు కావలసినంత సమయం ఉంది. ఎంత సమయం ఉందంటే తలెత్తి బెంచీ వైపు చూశాను కూడా. కోచ్ చేతులు కట్టుకుని ఉన్నారు. ఇది గోల్ కొడితే ఈ మనిషి నన్ను ఇక ఎప్పటికీ దింపడు అనుకున్నాను. స్టిక్ పలకని కొంచెం బయటివైపు తిప్పాను. ఎవరూ కనిపెట్టలేనంత కొంచెం. ఆ కొంచెం ఎంతో నా మణికట్టుకి తెలుసు. మూడేళ్ళు అదే పని నేర్చుకున్నాను కదా.

కోచ్‌కి భయపడి అని రాశాను. అది కూడా పూర్తి నిజం కాదు. రాసేస్తున్నాను.

వాళ్ళు సమం చేస్తారని భయం. క్లబ్ వాళ్ళు వార్సిటీని ఆపేస్తే, ఆ వార్సిటీలో అరటిపండుగా ఉన్న నేనేమిటి? తలుపుకి అంటించిన కాగితంలో కర్ట్ పేరు లేకుండా నా పేరుండటమొక్కటే నేను కర్ట్ కంటే మెరుగని చెప్పుకోవడానికి ఆధారం. ఊళ్ళో అదే చెప్పుకుంటారు. నేనూ లోపల అదే చెప్పుకుంటూ వచ్చాను. పాప్‌కార్న్ నములుతూ కూడా, కింద ఎక్కడో క్లబ్ అనే ఒక జట్టుంది, నేను దానికి పైన ఉన్నాను అనుకుంటే ఆ సూటు బరువనిపించేది కాదు. ఆ ఖాళీ గోల్‌లోకి పక్ వెళ్తే ఆ మెట్టు లేకుండా పోతుంది. నేను దాన్ని పోనివ్వలేదు.

టీగ్ సంగతి నాకు తెలుసు. సూప్ తాగుతూ విన్నాను.

నా మీద నాకే రోత పుడుతోంది.

జనవరి 18

కోచ్‌కి చెప్పాను. సాధన అయ్యాక, గదిలో. మొత్తం.

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ విన్నారు.

"నాకు తెలుసు" అన్నారు.

కళ్ళద్దాలు పెట్టుకున్నారు.

"ఇరవై ఏళ్ళకి పైగా ఇదే చూస్తున్నానోయ్. చేతకాక తప్పినవాడు తప్పాక పైకి చూస్తాడు, దేవుణ్ణి తిడతాడు. నువ్వు తప్పకముందు నన్ను చూశావు."

"మరి నన్నెందుకు దింపారు?"

"షెవ్‌లిన్ కాలు వాచింది కాబట్టి. తర్వాతి పేరు నీది. అంతకుమించి ఏం లేదు. నువ్వు దానికేదో బహుమానం అనుకుంటున్నావా?"

అవును, అనుకున్నాను. నిన్నటిదాకా రోజూ అనుకున్నాను.

"గోల్ కొట్టి ఉంటే ఏం చేసేవారు కోచ్?"

"ఇన్నాళ్ళూ వీణ్ణెందుకు కూర్చోబెట్టానా అని నన్ను నేను తిట్టుకునేవాణ్ణి" అన్నారు.

ఆ సాయంత్రాలు వాళ్ళకి ఇవ్వమని అడిగాను. తప్పు నాది కాబట్టి.

"బోర్డు మీద మూడు–రెండు ఉంది. మాట ఇచ్చాను, ఆ మాట రెండు వైపులా మాటే. ఇప్పుడు జాలిపడి ఇస్తే ఆ కర్ట్ పుచ్చుకుంటాడనుకుంటున్నావా? నీకు వాడు చిన్నప్పట్నుంచీ తెలుసట కదా."

పుచ్చుకోడు. అది నాకు తెలుసు.

జనవరి 19

కర్ట్ బట్టలుతికే గదిలో ఉన్నాడు. ఆకుపచ్చ జెర్సీలు మిషన్లోంచి తీసి ఒక్కొక్కటీ దులుపుతున్నాడు. చెప్పడం మొదలుపెట్టానో లేదో, "తెలుసురా" అన్నాడు.

అందరికీ తెలుసు. దాచుకున్నాననుకున్నది నేనొక్కణ్ణే.

"పాస్ ఇచ్చింది నేను కదా. ఆ పక్ దుప్పటి పరిచినట్టు వెళ్ళింది నీ దగ్గరికి. నా చేతికి తెలియదా?"

"మరి దొర్లిందని ఎందుకన్నావు అందరి ముందూ?"

"ఏమనమంటావు? మీ లాకర్ గదిలో, వాళ్ళంతా నిన్ను చూసి నవ్వుతుంటే, నేనూ ఒక రాయి వెయ్యాలా?" జెర్సీ గట్టిగా దులిపాడు. "మీ నాన్నకి కూడా ప్రాణం పెట్టి ఆడావనే చెప్పాను. ఆయన బండి డ్యూటీ వదులుకుని వచ్చాడు. ఆయనకేం చెప్తాను, నీ కొడుకు మమ్మల్ని అమ్మేశాడని చెప్పనా?"

నేను కూర్చుండిపోయాను. ఏడ్చాను. ఇరవై రెండేళ్ళవాణ్ణి, బట్టల మిషన్ పక్కన.

కర్ట్ నన్ను ఓదార్చలేదు. కసిరి కొట్టనూ లేదు. జెర్సీలు మడతపెట్టడం పూర్తి చేశాడు. తర్వాత అన్నాడు: "నాకు కోపం లేదని కాదురా కంగీ. ఉంది, చాలా ఉంది. ఆ కాగితం అంటించిన రోజు కూడా నాకు నీ మీద ఇంత కోపం రాలేదు. కానీ నా ఆట పోలేదు. ఆట పోయింది టీగ్‌కి. వాడికి ఇదే ఆఖరి ఏడాది. నా దగ్గర ఏడిస్తే ఏం లాభం? వాడి దగ్గరికి వెళ్ళు."

జనవరి 20

టీగ్ వంటగది వెనక పెట్టెలు మోస్తున్నాడు. నేను కూడా ఒక పెట్టె ఎత్తబోయాను. "దించు" అన్నాడు. దించాను.

నిలబడే చెప్పాను. క్షమించమని అడిగాను. అది వాడు విన్నట్టే లేదు. తర్వాత ఏర్పాటు సంగతి చెప్పాను. నిన్నంతా అదే ఆలోచించి వంటగది చూసే లోరెట్టా గారిని ముందే అడిగి వచ్చాను. మంగళ, గురువారాల్లో తెల్లవారుజాము పని నేను చేస్తాను. నాకు ఆదివారాలు లైబ్రరీలో పనుంది, ఆ గంటలు నువ్వు తీసుకో. నీ జీతం నీకొస్తుంది. అయిదింటికి నువ్వు ఐస్ మీద ఉండొచ్చు.

టీగ్ పెట్టె మీద కూర్చున్నాడు.

"మంగళ, గురువారాలు పొద్దున మీ వాళ్ళకి బరువుల గది కదా?"

"అవును."

"అది ఎగ్గొడితే మీ కోచ్ నిన్ను దింపడు కదా?"

"దింపరు."

"ఇప్పుడు నేను నిన్ను కౌగిలించుకోవాలా?"

"వద్దు" అన్నాను.

"సరే." లేచి పెట్టె ఎత్తుకున్నాడు. "ఆ చెక్క మీదకి కొట్టుకోలేక మా వాళ్ళు చస్తున్నారు. వాళ్ళ కోసం ఒప్పుకుంటున్నాను. నీకోసం కాదు. అది గుర్తుంచుకో. అయిదంటే అయిదింటికి ఉండాలి. ఆలస్యమైతే లోరెట్టా గారు నన్నంటారు, నిన్ను కాదు."

మెట్లు దిగుతుంటే ఒళ్ళు తేలికపడింది. ఒక్క నిమిషం. చూశావా ఎంత మంచిపని చేశానో అని లోపల ఎవడో అంటున్నాడు. వాడు నేనే. వాణ్ణి గుర్తుపట్టి ఆ మెట్ల మీదే సిగ్గుతో ఆగిపోయాను.

జనవరి 21

మంగళ, గురువారాలు బరువుల గదికి రాలేనని, ఎందుకో చెప్పాను. కోచ్: "లాకర్ ఖాళీ చెయ్యక్కర్లేదు. సాధనకి రా. మ్యాచ్‌కి మాత్రం మళ్ళీ సూటే."

"సరే కోచ్."

"మొత్తానికి ఒకటి తిన్నగా కొట్టావు" అన్నారు, కాగితాల్లోంచి తలెత్తకుండా. నాకు అది మెచ్చుకోలుగా వినబడలేదు. అలా వినబడకపోవడమే మంచిది.

జనవరి 22

నాన్నకి ఫోను చేశాను. మొత్తం చెప్పాను, కర్ట్ ఆయనకి అబద్ధం ఎందుకు చెప్పాడో అదీ చెప్పాను. లైన్ తెగిందేమో అనుకున్నాను.

"కాఫీ చల్లారిపోతోంది" అని పెట్టేశారు.

జనవరి 24, మంగళవారం

పావుగంట ముందే వెళ్ళాను. లోరెట్టా గారు ఏప్రను, తలకి వల ఇచ్చారు. "నీకు గుడ్లు ఉడకబెట్టడం వచ్చా?" అన్నారు. వచ్చన్నాను. మొదటి గిన్నెలో సగం పగలగొట్టాను. "వచ్చని చెప్పేవాళ్ళంతా ఇంతే" అని ఇంకో పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టించారు. బంగాళాదుంపలు తరిగాను, ఓట్స్ కలిపాను, అడుగంటించాను, గీకాను. కిటికీ అవతల రింక్ దీపాలు వెలుగుతున్నాయి. ఇక్కడికి ఏమీ వినబడదు. అయినా మధ్యమధ్యలో చెయ్యి ఆపి విన్నాను. బరువుల గదిలో మా వాళ్ళు ఈపాటికి నా పేరు పిలిచి ఉంటారు.

ఏడు కాగానే క్లబ్ వాళ్ళంతా వచ్చారు, జుట్లు తడితడిగా, గోలగోలగా. వడ్డించే బల్ల వెనక నేను. నన్ను చూసి గోల కొంచెం తగ్గింది. ముందు కర్ట్. "ఏరా, ఉప్పెక్కడ దాచావు?" అన్నాడు. మామూలు గొంతే. ఆ మామూలు గొంతుకి నా కళ్ళు మండాయి. ఉప్పు డబ్బా జరిపాను.

తర్వాత టీగ్. నుదుటి మీద మాస్క్ అచ్చు ఎర్రగా ఉంది. బుగ్గలు ఇంకా పొగలు కక్కుతున్నాయి. ఆడి వచ్చిన మనిషి ముఖం. అది చూడగానే నాకు ఎంత ఆనందమేసిందో చెప్పలేను. వాడు నా ముఖం చూడలేదు, పళ్ళెం చాపాడు.

"రెండు గుడ్లు."

నేను మూడు పెట్టాను.

టీగ్ పళ్ళెం వంక చూశాడు. రెండు వేళ్ళతో ఒక గుడ్డు తీసి, జాగ్రత్తగా, పగలకుండా తిరిగి గిన్నెలో పెట్టాడు.

"రెండన్నాను" అన్నాడు. వెళ్ళి తనవాళ్ళ మధ్య కూర్చున్నాడు.

వెనకవాడు పళ్ళెం చాపి నిలబడ్డాడు. ఎన్ని కావాలని అడిగాను. అడిగినన్నే పెట్టాను.